వెంట్రుకవాసి కింద

పోర్తోలో ఆ గురువారం వాన అడ్డంగా కొడుతోంది.
గొడుగు దులుపుకుని, పట్టా మీద బూట్లు రెండుసార్లు తుడుచుకుని
పెద్దాయన నేరుగా నా కౌంటరుకే వచ్చాడు.
కోటు జేబులోంచి తీసిన కాగితంలో
పెన్సిలుతో గీసిన గళ్ళు.
పక్కన మూడు మోడళ్ళ పేర్లు,
పైన వెల, బ్యాటరీ, చప్పుడు.
చప్పుడు కింద మూడు గళ్ళూ ఖాళీ.

నాకీ పాఠం కంఠతా వచ్చు.
ముప్పై తొమ్మిది యూరోలది గుండ్రంగా తిరుగుతుంది,
తల చిన్నది, చివరి దవడపన్ను దాకా దూరుతుంది,
గొంతు మాత్రం కాఫీ మిల్లు.
ఎనభై నాలుగుది తిరగదు, వణుకుతుంది,
నిమిషానికి ముప్పై ఒక్క వేల సార్లు.
ఒకసారి చార్జి పెడితే మూడు వారాలు.
రెండు వందల పంతొమ్మిదిది ఫోనుతో మాట్లాడుతుంది,
ఏ పన్ను దగ్గర ఎంతసేపున్నామో
నోటి పటం గీసి చూపించి మార్కులేస్తుంది.
(దాని మీద నాకు నాలుగు యూరోల కమీషను.
ఆ మాట పాఠంలో లేదు.)

"మార్కులొద్దమ్మా, బళ్ళో వేసినవి చాలు.
మోగించు."

ఆన్ చెయ్యమనలేదు.
మోగించమన్నాడు.

తలల్లేని బ్రష్షులు మూడూ వరసగా మోగించాను.
మొదటిదానికి పన్ను సలిపినవాడిలా మొహం పెట్టాడు.
మూడోది మూడు రకాలుగా మూలుగుతుంది,
ఏ మూలుగో తేల్చుకోదు, అన్నాడు.
రెండోదాన్ని మోచేతి ఎముకకు ఆనించుకుని
జేబులోంచి శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టి
కాడను పళ్ళ మధ్య కరిచిపట్టి
కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు.
వెనక ఇస్త్రీపెట్టె పట్టుకున్నావిడ దగ్గింది.
మళ్ళీ దగ్గింది.

"దో," అన్నాడు చివరికి,
"పియానో నడిమధ్య దో.
వెంట్రుకవాసి కిందుంది. ఫరవాలేదు."

నలభై రెండేళ్ళు ఊళ్ళో పియానోలకు శ్రుతి సరిచేశాడట.
పేరు బెల్మీరో.

అప్పుడడిగాడు ప్రెషర్ సెన్సర్ సంగతి.
చిగురు మీద ఎక్కువ నొక్కితే ఎర్రదీపం వెలుగుతుందన్నాను.
"నొక్కే చెయ్యి ఒకరిదీ
నోరు ఇంకొకరిదీ అయినా వెలుగుతుందా?"

మా శిక్షణలో ఆ ప్రశ్న లేదు.

అక్క ఒందీనా. చర్చి బృందంలో పాడేది.
ఫిబ్రవరిలో పక్షవాతం మాటనీ కుడిచేతినీ పట్టుకుపోయింది.
బ్రష్షు చూస్తే పళ్ళు బిగబడతాయి.
"నాదేమో తీగలు బిగించిన చెయ్యి.
ఎంత నొక్కుతున్నానో నాకు తెలీదు.
ఆవిడ చెప్పలేదు."

మా భాషలో ఆ స్వరం పేరూ జాలి పేరూ ఒకటే మాట.
ఇన్నేళ్ళూ రెండూ పలుకుతూనే ఉన్నాను,
పక్కపక్కన పెట్టి చూడలేదు.
ఆయన గడిలో 'దో' అని రాసుకుని
ఎనభై నాలుగూ లెక్కపెట్టాడు,
చివరి నాలుగూ చిల్లర.

తల మార్చడానికి మూడు నెలలంటాం.
పదకొండు వారాలకే వచ్చాడు.
అరిగిన కుచ్చు చూసి, కొరుకుతోందా, అన్నాను.
"మొదట్లో కొరికేది.
ఇప్పుడు పాడుతోంది."

పాట కాదట.
నోరు తెరుచుకుని, నురగలోంచి, ఒకే స్వరం
రెండు నిమిషాలు.
ముప్పై సెకన్లకోసారి బ్రష్షు తడబడుతుంది కదా,
ఊపిరి అప్పుడే తీసుకుంటుందట.
"కానీ బ్రష్షు కన్నా కాస్త పైన పలుకుతోంది.
వారం రోజులు అపశ్రుతి అనుకున్నాను.
పోయిన ఆదివారం దండం పట్టుకెళ్ళి చూశాను.
ఆవిడదే సరి."

అయితే మార్చిస్తానండీ, రెండేళ్ళ గ్యారంటీ ఉంది,
అని నవ్వాను.
ఆయన నవ్వలేదు.

"వద్దు. పొద్దున్నే సరిదిద్దడానికి
ఆవిడకంటూ ఒకటి ఉండాలి."

ఆ రాత్రి షట్టరు దించే ముందు
రెండోదాన్ని ఒకసారి మోగించి చెవి దగ్గర పెట్టుకున్నాను.
నాకైతే
బాగానే ఉన్నట్టనిపించింది.